కొత్త తోటకు ఏ గులాబీ? పువ్వు సంగతి తర్వాత, ముందు ఆకు చూడండి

గులాబీ కొనడానికి వెళ్లినవాళ్ల చూపు మొదట పువ్వు మీదే పడుతుంది. నాదీ అంతే. తొలిసారి తోట వేసినప్పుడు పన్నెండు మొక్కలు తెచ్చాను, పన్నెండూ పువ్వు చూసి ఎంచుకున్నవే. వానలు మొదలైన మూడు వారాలకు ఆకులన్నీ పసుపెక్కి రాలిపోయి, పుల్లల చివర తలా ఒక పువ్వుతో దిగాలుగా నిలబడ్డాయి. మందు కొట్టాను. చిగురించాయి. మళ్లీ రాలాయి. రెండో ఏడాది చివరికి మిగిలినవి నాలుగే. ఆ నాలుగింటికీ నేను అదనంగా చేసిన సేవేమీ లేదు, ఆ బలం వాటి పుట్టుకలోనే ఉంది.

గులాబీ అంటేనే జబ్బుల మొక్క అని చాలామంది అంటారు. కొన్ని రకాల విషయంలో అది నిజమే. మందు చుక్క తగలకుండా పదేళ్లు పచ్చగా ఉండే రకాలూ ఉన్నాయి. తోటలో మీరు పడబోయే చాకిరీలో పెద్ద వాటా మొక్క కొనే రోజునే తేలిపోతుంది. అందుకే ఆ రోజు రాకముందే చేయాల్సిన పని కొంత ఉంది.

రకం తర్వాత, ముందు చోటు

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలని చోట ఎంత గట్టి రకమైనా నీరసిస్తుంది. ఆ ఆరు గంటలూ ఎప్పటివన్నది కూడా ముఖ్యమే. పొద్దుటి ఎండ పడే చోటు దొరికితే వదలకండి. రాత్రి మంచు, తడి తొందరగా ఆరిపోతే ఆకు మీద శిలీంధ్రానికి మొలకెత్తే వ్యవధి దొరకదు. సాయంత్రం ఎండ మాత్రమే తగిలే మూల, మధ్యాహ్నం దాకా తడిగా ఉండే గోడ పక్క, పెద్ద చెట్టు వేళ్లు పాకిన నేల గులాబీకి పనికిరావు.

నీరు ఇంకుతుందో లేదో చూడటానికి ఒక అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీరు గంటకు ఒక అంగుళమైనా దిగకపోతే అక్కడ నేరుగా నాటొద్దు. మడి ఎత్తు చేసుకోవాలి, లేదా చోటు మార్చాలి. మట్టి పులుపు, క్షార గుణాలను చెప్పే ఉదజని సూచిక (పీహెచ్) 6కూ 7కూ మధ్య ఉంటే మంచిది, 6.5 దగ్గర ఉంటే గులాబీకి అంతకన్నా కావలసింది లేదు. మరీ క్షార నేలల్లో ఇనుము అందక లేత ఆకులు పసుపు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. దాన్ని తెగులనుకుని మందులు కొట్టేవాళ్లను చూశాను.

అంతకుముందు ఏళ్ల తరబడి గులాబీలు ఉన్న చోటే మళ్లీ గులాబీ పెడుతున్నారా? అయితే కొత్త మొక్క కారణం తెలియకుండా కుంగిపోవచ్చు. దాన్ని నేల అలసట అంటారు. అక్కడే పెట్టక తప్పకపోతే అడుగున్నర లోతు, అంతే వెడల్పు మట్టి తీసేసి, గులాబీలు పెరగని చోటి మట్టి తెచ్చి నింపండి.

మీ వాతావరణంలో ఏ తెగులు రాజ్యమేలుతుందో తేల్చుకోండి

‘తెగుళ్లు తట్టుకునే రకం’ అన్న మాటకు విడిగా అర్థం లేదు. ఏ తెగులు అని అడగాలి. ఒకదాన్ని తట్టుకున్న మొక్క ఇంకోదానికి లొంగిపోవచ్చు.

వానలు, తేమ, వెచ్చదనం కలిసి ఉండే చోట మీ ప్రధాన శత్రువు నల్లమచ్చ తెగులు. డిప్లోకార్పాన్ రోజే అనే శిలీంధ్రం దీనికి కారణం. దీని విత్తనంలాంటి బీజం మొలకెత్తాలంటే ఆకు ఇంచుమించు ఏడు గంటలపాటు తడిగా ఉండాలి. అంచులు చీలికలుగా ఉన్న నల్లటి గుండ్రని మచ్చ, దాని చుట్టూ పసుపు, ఆ తర్వాత ఆకు రాలడం దీని వరస. ఎప్పుడూ కింది ఆకుల నుంచి పైకి ఎక్కుతుంది. ఒక కాలంలో రెండు మూడుసార్లు ఆకులన్నీ పోగొట్టుకున్న మొక్క వేళ్లలో దాచుకున్న శక్తిని ఖర్చు చేస్తూ బతుకుతుంది. అది ఎక్కువ కాలం సాగదు.

పగలు పొడిగా వెచ్చగా, రాత్రులు చల్లగా ఉండే చోట బూడిద తెగులు ముందుంటుంది. ఇది నల్లమచ్చకు పూర్తిగా భిన్నం. దీనికి ఆకు తడవాల్సిన పని లేదు, గాలిలో తేమ చాలు. లేత చిగుళ్లు, మొగ్గ కాడలు తెల్లటి పిండి చల్లినట్టై, ఆకులు ముడుచుకుంటాయి. చూడటానికి అసహ్యంగా ఉంటుంది కానీ మొక్కను చంపడం అరుదు. నన్నడిగితే రెండింట్లో ఒకటి భరించక తప్పదంటే బూడిదనే భరిస్తాను.

మిగిలిన రెండింటి గురించి క్లుప్తంగా. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే తుప్పు తెగులు. చల్లటి, ముసురు పట్టిన రోజుల్లో ఆకుల మీద ఊదా రంగు పలకల్లాంటి మచ్చలు వచ్చి, రెండు మూడు రోజుల్లోనే ఆకు దులిపేసినట్టు రాలితే బూజు తెగులు. ఇది పొలాల్లో, పాలీహౌసుల్లో ఎక్కువ, పెరటి తోటలో తక్కువ.

మీ చుట్టుపక్కల రెండు మూడు తోటల్లో గులాబీల కింది ఆకులు చూసి వస్తే మీ శత్రువు ఎవరో అరగంటలో తెలిసిపోతుంది.

కొన్ని రకాలకు ఈ బలహీనత ఎక్కడి నుంచి వచ్చింది

ఇది తెలుసుకుంటే ఎంపిక సులువవుతుంది, అందుకే కాస్త పక్కదారి పడతాను.

1867లో ఫ్రాన్స్‌లో గియో అనే గులాబీ పెంపకందారు ‘లా ఫ్రాన్స్’ అనే రకాన్ని విడుదల చేశాడు. పొడుగు కాడ మీద ఒక్కటే పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ గులాబీలకు దాన్నే తొలి రకంగా లెక్కిస్తారు. అంతకుముందున్న వర్గాలన్నీ ‘పాత తోట గులాబీలు’. ఆ కాలంలో ఐరోపా తోటల్లో ముదురు పసుపు పెద్ద గులాబీ లేదు. జోసెఫ్ పెర్నే దుషే అనే మరో ఫ్రెంచి పెంపకందారు పశ్చిమ ఆసియాకు చెందిన రోజా ఫీటిడా అనే పసుపు గులాబీ వంశాన్ని తెచ్చి కలిపి, 1900లో ‘సొలేయ్ దోర్’ ఇచ్చాడు. ఇప్పుడు మనం చూసే పసుపు, నారింజ, రాగి, రెండు రంగుల గులాబీల్లో చాలావాటి మూలం అక్కడే.

రంగుతోపాటు ఆ వంశం ఇంకొకటి కూడా తెచ్చింది. రోజా ఫీటిడా పొడి ప్రాంతపు మొక్క. నల్లమచ్చకు చాలా తేలిగ్గా లొంగుతుంది. ఆ గుణం దాని మనవలకూ మునిమనవలకూ పాకింది. దానికితోడు ఆ తర్వాత వచ్చిన పురుగుమందుల యుగంలో పెంపకందారులు వారం వారం మందు కొట్టిన మళ్లలోనే కొత్త రకాలను ఎంచుకున్నారు. ఏది బలమైనదో ఏది కాదో అక్కడ తెలిసే అవకాశమే లేదు. పువ్వు పెద్దదైతే చాలు, రకం బయటికి వచ్చేసేది.

అంటే పసుపు గులాబీ పెట్టొద్దనా? కాదు. కొత్తగా వచ్చిన పసుపు రకాల్లో గట్టివి ఉన్నాయి. అయితే వానలు ఎక్కువగా ఉండే చోట పసుపు, నారింజ రకాలు ఎంచేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆరా తీయండి. గులాబీ రంగు, తెలుపు గుత్తి రకాల్లో తప్పు జరిగే అవకాశం తక్కువ.

మీ చోటుకు సరిపడే వర్గం

వేడి, తేమ ఉండి మంచు గడ్డకట్టని చోట చైనా గులాబీలు, టీ గులాబీలు హాయిగా పెరుగుతాయి. ‘ఓల్డ్ బ్లష్’, ‘మ్యూటబిలిస్’, ‘డచెస్ ద బ్రాబాంట్’ లాంటివి ఇందులోకి వస్తాయి. ‘మ్యూటబిలిస్’ పువ్వు ముద్దగా ఉండదు, అయిదు రేకులే. లేత పసుపుగా విచ్చుకుని గులాబీ రంగుకు, ఆపైన ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఒకే మొక్క మీద మూడు రంగులూ ఒకేసారి కనిపిస్తాయి. వీటిని మోకాలి ఎత్తుకు నరికేయకూడదు. ఎండు కొమ్మలు తీసి, పైపైన తేలిగ్గా కత్తిరిస్తే చాలు.

చలి బాగా ఉండే చోట గాలికా, ఆల్బా, రుగోసా వర్గాలు రాణిస్తాయి. రుగోసా ఆకులు ముడతలు పడి, తోలులా ఉంటాయి. నల్లమచ్చ దాని దగ్గరికి రావడమే తక్కువ. సముద్రపు ఉప్పుగాలి కూడా ఓర్చుకుంటుంది. ఇంకో విచిత్రం, మందు కొడితే ఆకులు మాడిపోయే గులాబీ ఇది. తనను అలా వదిలేయమని తానే చెబుతుందన్నమాట. కానీ వేడి ప్రాంతాల్లో, క్షార నేలల్లో ఇదే మొక్క పాలిపోయి కుంగిపోతుంది. గాలికా, ఆల్బాలకు చలి తగలకపోతే సరిగ్గా పూయవు. తగిలినా ఏడాదికి ఒక్కసారే పూస్తాయి.

చోటు ఏదైనా నేను ధైర్యంగా చెప్పగల వర్గం పాలియాంతా. చిన్న పువ్వులు, పెద్ద గుత్తులు, ఎప్పుడూ ఏదో ఒక కొమ్మ పూస్తూనే ఉంటుంది. 1932 నాటి ‘ద ఫెయిరీ’ ఇప్పటికీ తోటల్లో ఉందంటే దాని ఓర్పే కారణం. ఎండ కాస్త తక్కువ పడే చోట హైబ్రిడ్ మస్క్ వర్గంలోని ‘బాలెరీనా’, ‘బఫ్ బ్యూటీ’ లాంటివి చూడండి. అవి మిగతావాటికన్నా నీడను ఎక్కువ సహిస్తాయి.

రేకుల సంఖ్య కూడా వాతావరణంతో ముడిపడిన విషయమే. ముసురు ఎక్కువగా ఉండే చోట వంద రేకుల ముద్ద గులాబీ మొగ్గ విచ్చుకోకుండానే తడిసి, గోధుమరంగు ఉండలా కుళ్లిపోతుంది. అక్కడ రేకులు తక్కువున్న రకాలు మేలు. మండే పొడి ఎండలు ఉన్నచోట సంగతి తలకిందులు. అయిదు రేకుల పువ్వు మధ్యాహ్నానికి వాడిపోతుంది, ముద్ద పువ్వు రెండు రోజులు నిలుస్తుంది.

పూల దుకాణంలో కనిపించే పొడుగు కాడ గులాబీ తోటలో కావాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఆ రకాలను పెంపకందారులు పాలీహౌసు కోసం, పెట్టెలో ప్రయాణం కోసం, కూజాలో పది రోజుల నిల్వ కోసం తయారు చేశారు. వానలో నిలబడటం వాటి చదువులో లేని పాఠం. తోటకు వాటిని తెచ్చుకోకండి.

మందు లేకుండా నెగ్గిన రకాలేవో చూడండి

గులాబీకి వచ్చే బిరుదులన్నీ ఒకటి కాదు. కొన్ని పువ్వు అందానికి, కొన్ని జనాదరణకు, కొన్ని మాత్రమే ఆకు ఆరోగ్యానికి. ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య ‘హాల్ ఆఫ్ ఫేమ్’ గౌరవం ఓట్లతో వచ్చేది. 1985లో అందులో చేరిన ‘డబుల్ డిలైట్’ను చూడండి. పాలమీగడ రంగు, అంచుల్లో ఎరుపు, ఘుమఘుమలాడే వాసన. అయినా చల్లటి తేమ ప్రాంతాల్లో దానికి బూడిద తెగులు బాగా పడుతుంది. 1958లో కోర్డెస్ అనే జర్మనీ పెంపక సంస్థ ఇచ్చిన తెల్ల గులాబీ ‘ఐస్‌బర్గ్’ కూడా ఆ గౌరవం పొందినదే. పొడి వాతావరణంలో దానంత విరగబూసే మొక్క అరుదు, తేమ ప్రాంతంలో నల్లమచ్చతో బోడిగా మిగులుతుంది.

ఆరోగ్యానికి నేను నమ్మే బిరుదు జర్మనీ వాళ్ల ఏడీఆర్. 1940ల చివర్లో మొదలైన పరీక్ష ఇది. దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న పదకొండు తోటల్లో మూడేళ్లపాటు కొత్త రకాలను పెంచి మార్కులు వేస్తారు. 1997 నుంచి ఆ తోటల్లో తెగులు మందులు పూర్తిగా నిషిద్ధం. ఇంకా నచ్చే విషయం, ఒకప్పుడు నెగ్గిన రకం కాలక్రమంలో బలహీనపడితే ఇచ్చిన బిరుదును వెనక్కి తీసుకుంటారు. చెట్టు పేరు చెప్పుకొని కాయలమ్ముకునే వీలు అక్కడ లేదు.

వేడి ప్రాంతాల వాళ్లకు అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నడిపే ‘ఎర్త్‌కైండ్’ పరీక్ష ఇంకా దగ్గరగా ఉంటుంది. మందు లేదు, రసాయన ఎరువు లేదు, నీళ్లు కూడా పొదుపుగానే. దాన్ని తట్టుకున్న వాటిలో ‘మ్యూటబిలిస్’, ‘ద ఫెయిరీ’, ‘బెలిండాస్ డ్రీమ్’, ‘కేర్‌ఫ్రీ బ్యూటీ’, ‘నాక్ ఔట్’, తీగ రకాల్లో ‘న్యూ డాన్’ ఉన్నాయి. కాస్త పెద్ద ముద్ద పువ్వు కావాలన్న మోజు తీరనివాళ్లకు వీటిలో నేను చెప్పేది ‘బెలిండాస్ డ్రీమ్’. హైబ్రిడ్ టీ పువ్వు ఛాయ ఉంటుంది, మొక్క మాత్రం పొదలా గట్టిగా ఉంటుంది.

‘నాక్ ఔట్’ గురించి ఒక మాట. విలియం రాడ్లర్ అనే పెంపకందారు నల్లమచ్చ తట్టుకోవడమే లక్ష్యంగా పెట్టుకుని చేసిన రకం ఇది, 2000లో బయటికి వచ్చింది. తన మొక్కల్లో బలహీనమైనవి ముందే బయటపడాలని తెగులు పట్టిన ఆకులను పోగుచేసి, పొడి చేసి, వాటి మీద చల్లేవాడు. అలా నెగ్గిన మొక్క కాబట్టి అంత పేరు వచ్చింది. అలాగని సర్వరోగ నివారిణి కాదు. ఉత్తర అమెరికాలో కంటికి ఆనని నల్లి మోసుకొచ్చే రోజ్ రోజెట్ అనే వైరస్‌కు ఇదీ తలవంచింది. సువాసన కూడా లేనట్టే. వాసన లేని గులాబీ మీకు గులాబీయేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

కోర్డెస్ సంస్థ తమ పరీక్ష మళ్లలో శిలీంధ్ర మందులు 1990 ప్రాంతంలో ఆపేసింది. అందువల్ల ఆ తర్వాత వచ్చిన వాళ్ల రకాలకూ, అంతకు ముందువాటికీ ఆకులో తేడా ఉంటుంది. పెంపకందారు ఎవరన్నది తెలిస్తే, ఆ రకం ఏ ఏట వచ్చిందో కూడా చూడాలని దీని అర్థం.

జాబితా చేతిలో ఉంది, కానీ ఇంకా కొనొద్దు

ఎన్ని పరీక్షలు నెగ్గినా మీ దగ్గర అదే ఫలితం వస్తుందన్న హామీ లేదు. నల్లమచ్చ శిలీంధ్రంలో పదికి పైగా తెగలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఒక రకం అయిదు తెగలను అడ్డుకుని ఆరోదానికి లొంగవచ్చు. ఆ ఆరోది మీ చుట్టుపక్కల ఉంటే అంతే. ఒక చోట పదేళ్లు శుభ్రంగా ఉన్న మొక్క కొమ్మే ఇంకో చోట నాటిన ఏడాదికే మచ్చలమయం కావడం ఇందుకే.

కాబట్టి జాబితా పట్టుకుని మీకు దగ్గర్లోని ప్రజా ఉద్యానవనమో, వ్యవసాయ కళాశాల తోటో, గులాబీలు పెంచే తెలిసినవాళ్ల ఇల్లో చూసి రండి. పూలు విరగబూసే నెలలో వెళ్లకండి, ఆ నెలలో అన్ని గులాబీలూ అందంగానే ఉంటాయి. వానలు కురిసి కురిసి వెలిసిన వెంటనే, తోటమాలి ముఖం కూడా చిన్నబోయి ఉండే రోజుల్లో వెళ్లండి. అప్పుడు మోకాలి ఎత్తు కింద కూడా ఆకులు మిగిలి ఉన్న మొక్క పేరు రాసుకోండి.

తోటవాళ్లను ‘ఇది మంచి రకమేనా’ అని అడిగితే ‘అవును’ అనే వస్తుంది జవాబు. ‘దీనికి మందు ఎన్ని రోజులకోసారి కొడతారు, కిందటి వానల్లో ఎన్నిసార్లు ఆకు రాల్చింది’ అని అడగండి.

మచ్చే రాని మొక్క కోసం పట్టుబట్టకండి. కొన్ని రకాలకు మచ్చలు వస్తాయి, కానీ ఆకు రాలదు. కొన్ని రాల్చినా పది రోజుల్లో గుబురుగా చిగురిస్తాయి. అవి మచ్చను తట్టుకుని బతకడం నేర్చినవి. తోటకు అది చాలు.

పేరు అడగండి, దాని వెనకున్న పేరూ అడగండి

‘ఎర్ర గులాబీ’, ‘బటన్ రోజ్’, ‘హైబ్రిడ్’ అన్న చీటీ మాత్రమే ఉన్న మొక్కను ఎంచుకుంటే ఇప్పటిదాకా చేసిన వెతుకులాట వృథా. రకం పేరు ఉండాలి. ఆ పేరు కూడా ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ‘ఐస్‌బర్గ్’ను జర్మనీలో ‘ష్నీవిట్చెన్’ అంటారు. 1945లో అమెరికాలో విడుదలైన ‘పీస్’కు ఫ్రాన్స్‌లో ‘మదాం ఎ. మెయాన్’ అని పేరు. అందుకే ఆధునిక రకాలకు మారని సంకేతనామం ఒకటి ఉంటుంది. దాని మొదటి మూడు అక్షరాలు సాధారణంగా పెంపకందారుడివి. ‘ఐస్‌బర్గ్’ది కోర్‌బిన్, ‘నాక్ ఔట్’ది రాడ్‌రాజ్. ‘కోర్’ కనిపిస్తే కోర్డెస్, ‘మెయ్’ అయితే మెయాన్, ‘ఆస్’ అయితే ఆస్టిన్. ఈ చిన్న కిటుకు తెలిస్తే ఒకే రకాన్ని రెండు పేర్లతో రెండుసార్లు కొనే ప్రమాదం తప్పుతుంది.

ఇంకొకటి. పొద రకానికి, దాని తీగ రూపానికి పేరు దాదాపు ఒకటే ఉంటుంది, ముందు ‘క్లైంబింగ్’ అన్న మాట మాత్రం అదనం. చూసుకోకపోతే మూడడుగుల చోటులో పన్నెండడుగుల తీగను పెడతారు.

అంటు మొక్కా, సొంత వేళ్ల మొక్కా?

గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలే. కింద ఒక గట్టి అడవి గులాబీ వేరు, దాని మీద మనకు కావలసిన రకపు కన్ను. సొంత వేళ్ల మొక్క అంటే కొమ్మ ముక్క నాటి వేళ్లు తెప్పించినది. ఇది మొదటి రెండేళ్లు నెమ్మదిగా పెరుగుతుంది. కానీ చలికో ఎండకో పైభాగం చచ్చినా వేరు నుంచి వచ్చేది అదే రకం. దేశీ, పొద, పాలియాంతా, చైనా రకాల్లో నేను సొంత వేళ్లవే వెతుకుతాను. హైబ్రిడ్ టీలు చాలావరకు సొంత వేళ్ల మీద బక్కగా ఉంటాయి, వాటికి అంటే మేలు.

అంటు మొక్క తీసుకుంటే కింది వేరు ఏదో అడగండి. మల్టీఫ్లోరా వేరు కాస్త పులుపు నేలలో బాగుంటుంది, క్షార నేలలో ఆకు పసుపెక్కుతుంది. ‘డాక్టర్ హ్యూయీ’ వేరు క్షార నేలను ఓర్చుకుంటుంది. నులిపురుగుల బెడద ఉన్న ఇసుక నేలల్లో, వెచ్చటి ప్రాంతాల్లో ఫార్చూనియానా వేరుకు సాటి లేదు, గడ్డకట్టే చలికి మాత్రం అది నిలవదు. రకం మంచిదే అయినా వేరు మీ నేలకు పడకపోతే మొక్క ఎప్పుడూ అరకొరగానే ఉంటుంది.

అంటు కింద నుంచి పిలక వస్తే అది అడవి వేరుది, పీకేయాలి. ఏడు రెక్కల ఆకు ఉంటే అడవిది, అయిదుంటే మనది అన్న లెక్క నమ్మకండి. మంచి రకాల్లోనూ ఏడు రెక్కల ఆకులు మామూలే. మట్టి కొద్దిగా తీసి, ఆ కొమ్మ అంటుకు పైన పుట్టిందా కింద పుట్టిందా అని చూడటమే సరైన పద్ధతి.

మొక్కను చేతుల్లోకి తీసుకుని చూడండి

ఎదుగుదల చూడండి. పెన్సిల్ మందం, అంతకన్నా లావు ఉన్న కొమ్మలు మూడు ఉండి, వేర్వేరు దిక్కులకు సాగి ఉండాలి. పొడుగు ముఖ్యం కాదు. ఒకే సన్నటి కొమ్మ చివర పెద్ద పువ్వున్న మొక్క మిమ్మల్ని ఆకర్షించడానికే అక్కడ ఉంది.

తర్వాత వంగి కింది ఆకులు చూడండి, జబ్బు మొదలయ్యేది అక్కడే. ఆకు తిప్పి అడుగున సన్నటి గూడు, సూదిమొన చుక్కలు ఉన్నాయా చూడండి. ఉంటే ఎర్రనల్లి. ఆకు మీద పసుపు గీతలు మెలికలు తిరిగి, ఓక్ ఆకు ఆకారంలోనో ముగ్గులాగానో కనిపిస్తే మొజాయిక్ వైరస్. అది అంటు కట్టేటప్పుడే వచ్చింది, ఏ మందుకూ పోదు. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. అంటు దగ్గర గరుకైన బుడిపె ఉంటే కణితి తెగులు కావచ్చు, దాన్ని నాటితే నేలలోకి కూడా పాకుతుంది.

ఆకులు మరీ శుభ్రంగా, తెల్లటి పూతతో ఉంటే సంతోషించకండి. అది మందు మరక కావచ్చు. ఇంటికి తెచ్చిన నెలకు మందు ప్రభావం దిగిపోయి అసలు రంగు బయటపడుతుంది. వీలైతే కుండీలోంచి మట్టి ముద్దను మెల్లగా జార్చి చూడండి. లేతరంగు వేళ్లు అంచు దాకా వచ్చి ఉంటే బాగున్నట్టు. నల్లగా మెత్తగా ఉన్నా, కుండీ ఆకారంలో చుట్టుకుపోయి గట్టిపడ్డా వదిలేయండి.

కొన్నాక రెండు మూడు వారాలు వేరుగా ఉంచి గమనించి, తర్వాత నాటండి. కొత్త తోటలో ఇతర గులాబీలు లేకపోయినా సరే, ఒక మొక్క తెచ్చిన నల్లి మిగతావాటికి ఎక్కకుండా ఉంటుంది.

ఎన్ని, ఎంత దూరం, ఎంత లోతు

మొదటి ఏడాది అయిదారు మొక్కలు చాలు, రకాలు మాత్రం మూడైనా ఉండాలి. అన్నీ ఒకే రకమైతే ఆ రకానికి పడని తెగ రాగానే మడి మొత్తం ఒకేసారి పోతుంది. రకాలు వేరైనా అన్నీ ఒకే తల్లి పిల్లలైతే అదే కథ. వర్గాలు మార్చి ఎంచుకోండి.

హైబ్రిడ్ టీలకు రెండున్నర అడుగుల ఎడం, పొద రకాలకు మూడు నుంచి నాలుగు అడుగులు, చిట్టి గులాబీలకు అడుగు పైన, తీగలకు ఏడెనిమిది అడుగులు. మొదటి ఏడాది మడి ఖాళీగా కనిపించి చేతులు దురద పెడతాయి. ఆ ఖాళీలో ఇంకో గులాబీ పెట్టకండి, ఆకు ఆరడానికి గాలి తిరిగే దారి అది. కావాలంటే పొట్టి పూల మొక్కలు వేసుకోండి.

అంటు ముడి వెచ్చటి చోట మట్టికి పైన ఉండాలి, గడ్డకట్టే చలి ఉండే చోట రెండు అంగుళాలు మట్టిలోకి దిగాలి. నీళ్లు పొద్దున్నే, పాదులోనే. తల మీద నుంచి పోస్తే మీ చేత్తో మీరే నల్లమచ్చకు నారు పోసినట్టు.

తర్వాత రెండేళ్లు: మార్కులు వేయండి

ఒక నోటు పుస్తకం పెట్టుకుని నెలకోసారి ప్రతి మొక్క పక్కన రెండు అంకెలు రాయండి. ఆకులు ఎన్ని వంతులు మిగిలాయి, కొత్త చిగురు ఉందా లేదా. పూల లెక్క అక్కర్లేదు, అది మీకు ఎలాగూ గుర్తుంటుంది. రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఏరి బయట పడేయండి, ఎరువు గుంతలో వేయకండి. నల్లమచ్చ తలదాచుకునేది ఆ ఆకుల్లోనూ, కొమ్మల మీది మచ్చల్లోనూ.

మొదటి ఏడాది మార్కులు చూసి తీర్పు చెప్పొద్దు. లేత మొక్కలు, ముఖ్యంగా సొంత వేళ్లవి, రెండో ఏడాదికి గాని నిలదొక్కుకోవు. రెండో వానాకాలం దాటాక కూడా ఆకు సగం నిలుపుకోలేని మొక్క ఉంటే పార తీయండి. కత్తెరతో చేసే కత్తిరింపు ఒకటి, పారతో చేసేది ఇంకొకటి, రెండోది నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఎంతో ఇష్టపడి తెచ్చిన ముదురెరుపు హైబ్రిడ్ టీ ఒకటి అలా మందు మీద మందుతో మూడు వానాకాలాలు నెట్టుకొచ్చింది. దాన్ని తీసేసిన వారం, పక్కనే ఉన్న ‘ద ఫెయిరీ’ కొమ్మ నేలకు వాలి తనంతట తానే వేరు పోసుకుని ఉండటం చూశాను. ఆ పిల్లను వేరుచేసి, గుంతలో మట్టి మార్చి, ఎరుపు గులాబీ చోటే దానికి ఇచ్చాను.